డెల్టా సారం గిట్టని మొక్క

పెరటి ప్రశ్నలు – జవాబులు

కీటకాలను పట్టి తినే మొక్కలను ఇంట్లో విత్తనం నుంచి పెంచడం గురించి గోదావరి జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాలు కొంతకాలంగా మా దగ్గర పేరుకుపోయాయి. వాటిలో చాలావరకు బిబ్లిస్ అనే ఒకే మొక్కకు సంబంధించినవి. ఒకరికి ఇచ్చిన జవాబు మరొకరికీ ఉపకరిస్తుందన్న ఉద్దేశంతో ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి తన స్నేహితుడు పెంచుతున్న బిబ్లిస్ లినిఫ్లోరా అనే మొక్క విత్తనాలు తెచ్చి ఇచ్చాడు. మా గులాబీలకు వాడే మిశ్రమంలోనే, అంటే కాలువ గట్టు ఒండ్రుమట్టిలో మాగిన పశువుల ఎరువు, కొద్దిగా వర్మీకంపోస్టు కలిపి, సగం విత్తనాలు చల్లి రోజూ కుళాయి నీళ్లు చిలకరించాను. నాలుగైదు మొలకలు వచ్చాయి కానీ వేలెడు ఎత్తయినా ఎదగకుండానే కొసలు మాడి చనిపోయాయి. మన ఎండ, ఉక్కపోత దానికి సరిపడలేదని అందరూ అంటున్నారు. మిగిలిన విత్తనాలను ఏం చేయమంటారు?
— ఒక గృహిణి, పాలకొల్లు

జవాబు: అమ్మా, మీ మొలకలను చంపింది ఎండ కాదు. బిబ్లిస్ లినిఫ్లోరా ఉత్తర ఆస్ట్రేలియాలోని ఉష్ణమండల ప్రాంతపు మొక్క. అక్కడ ఇంచుమించు నవంబరు నుంచి ఏప్రిల్ వరకు సాగే వానకాలంలో మొలిచి, తడి ఆరని ఇసుక నేలల్లో పెరిగి, పూచి, విత్తనాలు రాల్చి, వానలు వెనుకపట్టగానే ఎండిపోతుంది. 30 నుంచి 35 డిగ్రీల వేడి, ఒళ్లు జిగటపుట్టించే గాలి దానికి పుట్టింటి వాతావరణమే. అరకులో పెరగవలసిన దానిని పాలకొల్లులో పెంచబోయానని మీరు నొచ్చుకోవలసిన పని లేదు.

దానికి గిట్టనిది మనం తరతరాలుగా గొప్పగా చెప్పుకునే ఒండ్రు సారం. కీటకాహార మొక్కలన్నీ దాదాపుగా నత్రజని, భాస్వరం నోటికి అందని పేదనేలల్లో బతకడానికి అలవాటు పడినవి. ఆ లోటును ఆకుల మీద చిక్కిన పురుగుల నుంచి పూడ్చుకుంటాయి కాబట్టి వాటి వేళ్లకు నీటిని పీల్చి మొక్కను నిలబెట్టడమే ముఖ్యమైన పని. అటువంటి వేళ్లను ఎరువు కలిపిన మట్టిలో ఉంచితే, మట్టిలో కరిగిన లవణాలు వాటికి అందే నీటిని తామే పట్టి ఉంచుతాయి. వేరు కొసలు కమిలిపోతాయి, ఆ తరువాత ఆకు కొసలు మాడతాయి. మీరు చూసినది అదే. గులాబీకి ఔషధంగా పనిచేసిన మిశ్రమం దీనికి విషమైంది.

మొక్క రూపం ఎలా ఉంటుందో తెలిస్తే మొలక సవ్యంగా ఎదుగుతున్నదీ లేనిదీ మీరే పోల్చుకోగలరు. ఇది జానెడు ఎత్తు పెరిగే సన్నని మొక్క. ఆకులు దారపు పోగుల్లా ఉంటాయి. వాటి నిండా, కాండం మీద కూడా, సన్నని కాడలున్న గ్రంథులు ఉండి, ఒక్కొక్క గ్రంథి కొసన ఒక జిగట బొట్టు నిలుస్తుంది. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఈ బొట్లన్నీ రంగులు చిమ్ముతాయి కనుకనే దీనిని రెయిన్‌బో ప్లాంట్ అని కూడా పిలుస్తారు. బిబ్లిస్ అనే ఈ ప్రజాతికి, అంటే దగ్గరి పోలికలున్న జాతుల గుంపుకు, 1808లో సాలిస్‌బరీ అనే ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు పేరు పెట్టాడు. మన పాఠ్యపుస్తకాలలో కనిపించే డ్రాసిరాతో దీనిని చాలామంది పొరబడతారు గాని, డ్రాసిరా పురుగును పట్టాక తన రోమాలను దాని మీదికి వంచుతుంది. బిబ్లిస్ ఆకు కదలదు. పురుగు జిగురులో కూరుకుపోయి అక్కడే చస్తుంది, ఆకును అంటిపెట్టుకుని ఉన్న కాడలేని చిన్న గ్రంథులు దాని సారాన్ని పీలుస్తాయి. ఇది నిజంగా స్వయంగా జీర్ణరసాన్ని స్రవిస్తుందా, లేక ఆకు మీద తిరిగే వేరే పురుగుల సాయంతో బతుకుతుందా అని వృక్షశాస్త్రజ్ఞులు చాలాకాలం వాదించుకున్నారు. ఆస్ట్రేలియాలో ఒక రకం నల్లి జిగురుకు అంటుకోకుండా ఈ ఆకుల మీద నడుస్తూ, చిక్కిన పురుగులను తాను జుర్రుకోవడం ఈ వాదానికి ఒక కారణం.

ఇక మిగిలిన విత్తనాల సంగతి. మట్టి అనే మాటను పూర్తిగా మరచిపోయి, పీట్ మాస్ (చిత్తడి నేలల్లో కుళ్లిన నాచు) ఒక వంతు, కడిగిన సిలికా ఇసుక ఒక వంతు కలిపి వాడండి. ఎరువు కలిపి అమ్మే పీట్ సంచీలు కూడా ఉంటాయి కాబట్టి సంచీ మీద ఏం రాసి ఉందో చదివి, ఏమీ కలపని దానినే కొనండి. పీట్ దొరకనప్పుడు, కడియం నర్సరీలలోనూ కోనసీమ అంతటా సులువుగా దొరికే కొబ్బరి పొట్టును వాడవచ్చు. అయితే కొబ్బరి పీచులో సహజంగానే పొటాషియం, సోడియం ఉప్పులు ఎక్కువ. వాన నీటిలో నానబెట్టి, పిండి, ఆ నీరు పారబోసి, మళ్లీ నానబెట్టడం ఎన్నిసార్లు అవసరమైతే అన్నిసార్లు చేయాలి. పిండిన నీటిలో ఉప్పు శాతం మీరు పోసిన నీటితో ఇంచుమించు సమానమయ్యే దాకా అది వాడకానికి రాదు. నా అభిప్రాయంలో మొదటిసారి పెంచేవారు పీట్ కోసం కొంత ఖర్చు పెట్టడమే మేలు. ఇసుక విషయంలో అంతర్వేది తీరం నుంచి తెచ్చిన సముద్రపు ఇసుక అసలు పనికిరాదు. అందులో ఉప్పుతోపాటు గవ్వల పొడి, అంటే సున్నం, ఉంటుంది. గోదావరి ఇసుకను ఒండ్రు పూర్తిగా పోయేలా కడిగి, చెంచాడు ఇసుక మీద నాలుగు చుక్కలు వెనిగర్ వేసి చూడండి. బుడగలు పొంగితే సున్నం ఉన్నట్లే, దానిని ఇల్లు కట్టేవారికి ఇచ్చేయండి.

కుండీ ప్లాస్టిక్‌దై ఉండాలి. సిమెంటు కుండీ నుంచి సున్నం దిగుతుంది, మట్టి కుండీ గోడలలో ఉప్పు పేరుకుంటుంది. బిబ్లిస్ వేళ్లు సున్నితమైనవి; నారు పీకి నాటడం మన ప్రాంతానికి అలవాటే అయినా దీని విషయంలో ఆ అలవాటు పనికిరాదు. ఎక్కడ పెరగాలో అక్కడే విత్తాలి. పది పన్నెండు సెంటీమీటర్ల లోతున్న కుండీకి మూడు నాలుగు విత్తనాలు చాలు. వాటిని పైపైన రాల్చి, వేలితో మెల్లగా అదమండి. పైన ఏమీ కప్పవద్దు. కుండీని సెంటీమీటరు లోతు వాన నీరున్న పళ్లెంలో పెడితే తడి కిందినుంచి పైకి ఎక్కుతుంది. పైనుంచి చిలకరిస్తే గింజలు కొట్టుకుపోయి ఒక మూలకు చేరతాయి. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలలో మొలకలు కనిపిస్తాయి. ఆలస్యంగా, నెలల తరువాత మొలిచే గింజలూ ఉంటాయి కాబట్టి కుండీని తొందరపడి పారబోయకండి.

ఎప్పుడు విత్తాలన్నది మీరు అడగలేదు గాని, అది కూడా చెప్పవలసినదే. రోహిణి కార్తె ఎండలు తగ్గి మృగశిర వచ్చి తొలకరి పడ్డాక, జూన్ చివరి నుంచి జూలై మధ్య వరకు విత్తడం మన డెల్టాకు బాగా కుదురుతుంది. మూడు నాలుగు నెలలలో మొక్క పూతకు వస్తుంది, చలి మొదలయ్యేలోగా విత్తనం చేతికి వస్తుంది. కుండీని వాన నేరుగా పడని, తూర్పు ఎండ నాలుగైదు గంటలు తగిలే చోట ఉంచండి. వాన తగిలితే జిగురు కడుక్కుపోతుంది. మొక్క మళ్లీ స్రవించుకుంటుంది గాని లేత మొలకలు పెద్ద చినుకులకు పడిపోతాయి. ఫిబ్రవరిలో విత్తేవారూ ఉన్నారు. అలా చేస్తే ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నపు ఎండకు 50 శాతం షేడ్ నెట్ తప్పనిసరి, పళ్లెంలో నీరు ఒక్క పూట కూడా ఆరిపోకూడదు.

ప్రశ్న: నాకు రొయ్యల చెరువులున్నాయి, అందువల్ల నీటిలో కరిగిన ఉప్పులను కొలిచే టి.డి.ఎస్. మీటరు చేతిలోనే ఉంటుంది. మా బోరు నీరు 1,400, కుళాయి నీరు 310, వీధి చివర ఆర్.ఓ. ప్లాంటు టిన్ను నీరు 70, డాబా మీద పట్టిన వాన నీరు 20 చూపిస్తున్నాయి. తాగడానికి పనికొచ్చే కుళాయి నీరు ఒక చిన్న మొక్కకు ఎందుకు పనికిరాదు? మరొక సంగతి: రొయ్యల మేత పొడి చేసి ఈ మొక్కకు వేయవచ్చా?
— ఒక రైతు, భీమవరం

జవాబు: తాగునీటిలో కరిగిన ఘనపదార్థాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చునని భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతుంది కనుక, మీ కుళాయి నీరు మనుషులకు నిక్షేపంగా పనికొస్తుంది. మనం ఆ ఉప్పులను ఒంట్లో దాచుకోము, బయటికి పంపేస్తాము. కుండీకి ఆ దారి లేదు. కిందనున్న పళ్లెం నుంచి నీరు పైకి ఎక్కి, ఆకుల నుంచీ మిశ్రమం పైభాగం నుంచీ ఆవిరైపోతుంది. ఉప్పు మాత్రం అక్కడే మిగులుతుంది. మీ అంకెతోనే లెక్క చూడండి. ఒక కుండీ రోజుకు 100 మిల్లీలీటర్ల నీరు తాగుతుందనుకుంటే, లీటరుకు 310 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు 31 మిల్లీగ్రాములు, నెలకు 930 మిల్లీగ్రాముల లవణాలు కుండీలో చేరతాయి. ఆ కుండీలోని మిశ్రమం అర లీటరు నీటిని పట్టి ఉంచుతుందనుకుంటే, నెల తిరిగేసరికి వేళ్ల చుట్టూ ఉన్న నీటిలో లవణాలు లీటరుకు 1,800 మిల్లీగ్రాములు దాటుతాయి. అది మీ బోరు నీటిని మించిన ఉప్పదనం. వాన నీటితో ఇదే లెక్క వేస్తే నెలకు 60 మిల్లీగ్రాములే.

సాధారణంగా 50 లోపు చూపించే నీరు నిశ్చింతగా వాడవచ్చు. మీ టిన్ను నీరు 70 కాబట్టి, నెలకొకసారి కుండీ పైనుంచి వాన నీరు ధారాళంగా పోసి కిందికి దిగిన నీటిని పారబోస్తూ ఉంటే అదీ నడుస్తుంది. అయితే కొన్ని ప్లాంట్లలో రుచి కోసం కాల్షియం, మెగ్నీషియం మళ్లీ కలుపుతారు కాబట్టి టిన్ను మారినప్పుడల్లా మీటరు పెట్టి చూసుకోండి. ఏ.సి. నుంచి కారే నీరు ఆవిరి చల్లబడి ఏర్పడినదే కనుక అందులో ఉప్పులు తక్కువ; లోపలి దుమ్ము కొట్టుకువచ్చే మొదటి రోజులది వదిలేసి తరువాతిది వాడవచ్చు. డెల్టా కాలువల నీరు చూడటానికి ఎంత తేటగా ఉన్నా దానిలో కరిగిన సున్నం ఉంటుంది, ఈ మొక్కకు దానిని పోయవద్దు. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఈ నీటికి రుణపడి ఉన్న ప్రాంతంలో ఈ మాట రాయడానికి కాస్త జంకుగానే ఉంది.

వాన నీటిని నిల్వ చేయడానికి పెద్ద ఏర్పాటు అక్కరలేదు. తొలి జల్లులను వదిలేయండి, ఎందుకంటే అవి పైకప్పు మీది దుమ్మును, పిట్టల రెట్టలను కడుగుతాయి. కొత్త సిమెంటు డాబా అయితే దాని నుంచి సున్నం దిగుతుంది, కాబట్టి నాలుగు కర్రలకు ప్లాస్టిక్ పట్టా కట్టి నీరు పట్టుకోవడం నయం. పైన చెప్పిన లెక్క ప్రకారం 20 లీటర్ల నీరు ఒక కుండీకి 200 రోజులు వస్తుంది. కాలువలు కట్టేసే వేసవిలో వాడకం పెరుగుతుంది గనుక కుండీకి రెండు టిన్నులు దాచుకుంటే నిబ్బరంగా ఉండవచ్చు. మూత బిగించి, ఎండ తగలని చోట ఉంచండి.

ఇక రొయ్యల మేత. మాంసకృత్తులు బాగా ఉన్న మేత కదా అని మీకు తోచడం సహజమే గాని, అందులో చేప పొడి, నూనెలు, ఖనిజ లవణాలు, నీటిలో కరగకుండా పట్టి ఉంచే బంక పదార్థాలు అన్నీ కలిసి ఉంటాయి. ఆకు మీద వేస్తే అది అరగకముందే బూజు పడుతుంది, జారి కింద పడితే మిశ్రమంలోకి ఎరువు దిగినట్లే. అసలు మొక్క ఆరుబయట ఉంటే మీరు మేపవలసిన అవసరమే ఉండదు. వరి పొలాల మధ్య ఇల్లు ఉన్నవారికి పైరు ఎదిగే రోజుల్లో సాయంత్రం దీపం చుట్టూ ముసిరే పచ్చదీపపు పురుగులే దీనికి సరిపోయినంత మేత. వాటిలో కొన్ని జిగురులో చిక్కుతాయి. మొలకలు సెంటీమీటరు ఎత్తుకు వచ్చి వాటి మీద జిగట బొట్లు కనిపించినప్పుడు, వాటి ఎదుగుదల పెంచాలనుకుంటే, కుండీ పక్కన మిగలపండిన అరటి తొక్క ఒకటి పెట్టండి. దాని మీద ముసిరే సన్నని ఈగలు మొలకల పరిమాణానికి సరిగ్గా సరిపోతాయి. ఇంటి లోపలే పెంచేవారు అక్వేరియం చేపలకు వేసే పొరల మేతను మెత్తగా నలిపి, తడిపిన టూత్‌పిక్ కొసతో గసగస గింజంత, పదిహేను రోజులకొకసారి, ఒకటి రెండు ఆకుల మీద అద్దితే చాలు.

ప్రశ్న: విత్తిన కుండీ మీద తెల్లని బూజు, మొలకలు మొదలు దగ్గర నల్లబడి వాలిపోవడం. మందు కొట్టవచ్చా?
— ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: అది నారుకుళ్లు. గాలి ఆడకుండా కుండీకి ప్లాస్టిక్ కవరు బిగించి ఉంటారు, దానిని తీసేయండి. మన గాలిలో వానకాలమంతా తడి ఉంటుంది గనుక ఆ కవరు అవసరం ఇక్కడ లేదు. పైగా ఎండ తగిలితే లోపలి మొలకలు ఉడికిపోతాయి. వాలిన మొలకలను కత్తిరించి తీసేసి, పళ్లెంలో నీటిమట్టం తగ్గించండి. తోటలకు వాడే రాగి మందులు ఈ మొక్కలకు పడవు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో బిబ్లిస్ జైగాంటియా విత్తనాలు కొన్నాను. విత్తి చాలా కాలమైనా ఒక్కటీ మొలవలేదు. వీటికి పొగ పట్టాలని చదివాను. ఇంట్లో సాంబ్రాణి పొగ వేస్తే సరిపోతుందా? లేకపోతే పురుగుమందుల దుకాణంలో దొరికే జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే ఎదుగుదల హార్మోను వాడవచ్చా?
— ఒక డిగ్రీ విద్యార్థి, కాకినాడ

జవాబు: మీరు కొన్నది అదే ప్రజాతిలోని మొక్కే అయినా దాని పుట్టుక వేరు. జైగాంటియా నైరుతి ఆస్ట్రేలియాలో పెర్త్ నగర పరిసరాలకు చెందినది. అక్కడ వానలు చలికాలంలో కురుస్తాయి, వేసవి పొడిగా గడుస్తుంది. కార్చిచ్చు వచ్చి పొదలు కాలిపోయిన తరువాతి వానలకు దాని విత్తనాలు మొలుస్తాయి. పొగలోని ఏదో పదార్థం కొన్ని విత్తనాల నిద్రను వదిలిస్తుందని 1990లో దక్షిణాఫ్రికా పరిశోధకులు చూపారు. ఆ పదార్థం ఏమిటో 2004లో పశ్చిమ ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. దానిని ఇప్పుడు కారికిన్ అంటున్నారు. ఆకులు, గడ్డి, కాగితం వంటి వాటిలోని సెల్యులోజ్ కాలినప్పుడు అది పుడుతుంది. సాంబ్రాణి చెట్టు బంక. దాని పొగ సువాసనకే గాని ఈ పనికి నమ్మదగినది కాదు. ఎండు వరిగడ్డిని ఒక మూత ఉన్న డబ్బాలో కాల్చి, ఆ పొగను గొట్టం ద్వారా, చల్లారిన తరువాత, విత్తిన కుండీలున్న పెట్టెలోకి గంటసేపు పంపి, ఆపైన పళ్లెంలో నీరు పోయడం మీకు వీలైన పద్ధతి. మంట వేడి గింజలకు తగలకూడదు కాబట్టి భోగిమంట పక్కన కుండీ పెట్టే ఆలోచన మాత్రం చేయకండి.

జిబ్బరెల్లిక్ ఆమ్లం కూడా పనిచేస్తుంది, అయితే ఏది కొంటున్నారో చూసుకోవాలి. రైతులకు అమ్మే ద్రావణాలలో 0.001 శాతం రకం ఒకటి. అంటే లీటరుకు 10 మిల్లీగ్రాములు. విత్తనాలను నానబెట్టడానికి సాధారణంగా వాడే బలం లీటరుకు 1,000 మిల్లీగ్రాములు, అది దీనికి నూరు రెట్లు. పైగా ఆ ద్రావణాలలో ఆకుకు అంటుకోవడానికి కలిపిన ఇతర పదార్థాలుంటాయి. హైబ్రిడ్ వరి విత్తనోత్పత్తిలో వెన్ను బయటికి రావడానికి వాడే పొడి రూపంలోని మందు సంపాదించగలిగితే, 100 మిల్లీగ్రాములను కొన్ని చుక్కల సారాయి స్పిరిట్‌లో కరిగించి, 100 మిల్లీలీటర్ల శుద్ధమైన నీటిలో కలిపి, విత్తనాలను ఒక రోజు నానబెట్టి విత్తండి. ఎక్కువసేపు ఉంచితే మొలకలు సన్నగా సాగి నిలబడలేక పడిపోతాయి.

ఇంత చెప్పాక, మొలిచినా అది కాకినాడలో నిలుస్తుందన్న ఆశ నాకు తక్కువే. దానికి కావలసిన పొడి వేసవికి బదులు మన నైరుతి వానలు పడతాయి, వేరు కుళ్లిపోతుంది. సముద్రపు ఒడ్డున ఉన్నవారు లినిఫ్లోరాతో మొదలుపెట్టడం మంచిది; దాని తాజా గింజలు చాలావరకు పొగ, మందు లేకుండానే మొలుస్తాయి. దానికన్నా పెద్దది కావాలంటే ఉత్తర ఆస్ట్రేలియాదే అయిన ఫిలిఫోలియా ఉంది, దానికి జిబ్బరెల్లిక్ ఆమ్లం సాయపడుతుంది.

ప్రశ్న: మా ఊళ్లో దోమలు విపరీతం. ఈ మొక్కలు నాలుగు పెంచితే దోమల బెడద తగ్గుతుందని మా పిల్లలు నమ్ముతున్నారు. వారికి ఏమని చెప్పాలి? బడిలో చూపించడానికి మన దగ్గరే దొరికే కీటకాహార మొక్కలు ఏమైనా ఉన్నాయా?
— ఒక ఉపాధ్యాయిని, ముమ్మిడివరం

జవాబు: దోమలు తగ్గవని చెప్పండి. బిబ్లిస్ ఆకుకు దోమలు అంటుకుంటాయి నిజమే, కానీ మొక్క పట్టే దోమలు లెక్కకు రానివి. కుండీ కింద పళ్లెంలో నిలిచిన నీరు మాత్రం లెక్కకు వస్తుంది. మన వేడిలో దోమ గుడ్డు రెక్కల దోమగా మారడానికి ఎనిమిది, పది రోజులు చాలు. డెంగీని మోసే దోమ ఇటువంటి శుభ్రమైన కొద్దిపాటి నీటినే కోరుకుంటుంది. అజాగ్రత్తగా ఉంటే మొక్క తినే వాటికంటే పళ్లెం కనే దోమలే ఎక్కువవుతాయి. వారానికొక రోజు నియమంగా పళ్లెం వంపేసి, అడుగు తోమి, ఎండబెట్టి, కొత్త నీరు పోయాలి. దోమగుడ్లు పళ్లెం గోడలకు అంటుకుని ఉంటాయి గనుక తోమడం ముఖ్యం. ఈ పనిని పిల్లలకే వంతులవారీగా అప్పగిస్తే దోమ జీవితచక్రం పాఠం కూడా అక్కడే అయిపోతుంది.

మన దగ్గర దొరికే వాటి విషయానికి వస్తే, చెరువులలో, నిలవ నీటి గుంటలలో, వరి చేలలో యుట్రిక్యులేరియా జాతులు ఉంటాయి. నీటిలో తేలే నాచులాంటి మొక్కకు పసుపుపచ్చని పూలు నీటిమీదికి లేచి కనిపిస్తే దగ్గరగా చూడండి. సన్నని పోగుల మధ్య చిన్న చిన్న తిత్తులు ఉంటాయి. నీటిపురుగు ఆ తిత్తి తలుపు దగ్గరి రోమాన్ని తాకగానే, సెకనులో వెయ్యోవంతు కూడా పట్టకుండా, నీటితో సహా లోపలికి లాగబడుతుంది. సాదా భూతద్దంతో తిత్తులను, వాటిలో చిక్కిన పురుగుల నల్లని మచ్చలను పిల్లలకు చూపవచ్చు. చూపించాక మొక్కను తెచ్చిన గుంటలోనే వదిలేయండి. డ్రాసిరా ఇండికా, డ్రాసిరా బర్మనై కూడా మన రాష్ట్రంలో సహజంగా పెరిగేవే, కాకపోతే అవి సారం లేని ఇసుకపాటి చెమ్మనేలలను ఎంచుకుంటాయి, మన డెల్టా నల్లరేగడిలో వాటిని వెతకడం వృథా. వీటి విత్తనం ధూళిలా ఉంటుంది, పెంచే పద్ధతి పైన బిబ్లిస్‌కు చెప్పినదే. నెపెంథిస్ ఖాసియానా అనే కూజా మొక్క గురించి కూడా పిల్లలు అడుగుతారు. అది మేఘాలయ కొండలది, చట్టం రక్షించే మొక్క. అడవి నుంచి తెచ్చిన దానిని ఎవరు అమ్మజూపినా కొనకూడదు.

ప్రశ్న: ఆస్ట్రేలియాలో ఉన్న మా అక్క విత్తనాలను ఉత్తరంలో పెట్టి పంపుతానంటున్నది. తెప్పించుకోవచ్చా? ఆన్‌లైన్‌లో రంగురంగుల కీటకాహార మొక్కల విత్తనాలు వంద రూపాయలకే వస్తున్నాయి, అవి నిజమైనవేనా?
— ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: ఉత్తరంలో తెప్పించుకోకూడదు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం విదేశీ విత్తనానికి దిగుమతి అనుమతి, పంపే దేశం ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం రెండూ ఉండాలి. కొబ్బరి, వరి, అరటి మీద బతికే ప్రాంతంలో కొత్త తెగులు ఏ కవరులో వస్తుందో తెలియదు కనుక ఈ నియమాన్ని గౌరవించమనే మీ అక్కగారికి చెప్పండి. మన దేశంలోనే వీటిని పెంచి విత్తనం తీస్తున్న అభిరుచిపరులున్నారు, వారి దగ్గర తాజా గింజ దొరుకుతుంది.

నీలం, ఊదా రంగుల బొమ్మలతో అమ్మేవి దాదాపుగా మోసమే. బిబ్లిస్ గింజ నల్లగా, గరుకుగా, మిల్లీమీటరు అటూ ఇటూగా ఉంటుంది. పొట్లంలో అంతకంటే బాగా పెద్ద గింజలు ఉన్నా, విత్తిన మూడో రోజుకే వెడల్పాటి రెండాకులతో మొలిచినా అది మరేదో మొక్క. అసలు బిబ్లిస్ మొలక సన్నని రెండు బీజదళాలతో వచ్చి, ఆ వెనుకనే జిగట బొట్లున్న దారపు ఆకు వేస్తుంది.

ప్రశ్న: మా బిబ్లిస్ లినిఫ్లోరా ఊదారంగు పూలు బాగా పూచింది. ఇప్పుడు కింది నుంచి ఎండిపోతోంది. నీరు, ఎండ ఏమీ మార్చలేదు. ఎలా బతికించాలి?
— ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: బతికించలేరు, బతికించవలసిన పనీ లేదు. కోతకు వచ్చిన వరి పండి ఎండినట్లే ఇదీ తన ఆయువు తీరి ఎండుతున్నది. మీరు చూడవలసినది కాయలను. లినిఫ్లోరా పూలు తమ పుప్పొడితోనే కాయ కడతాయి కాబట్టి ఒక్క మొక్క ఉన్నా విత్తనం వస్తుంది. జైగాంటియా వంటి వాటికి మరో మొక్క పుప్పొడి, దానిని దులిపే తేనెటీగ రెక్కల అదురు కూడా కావాలి. మీకు ఆ చిక్కు లేదు. కాయ గోధుమ రంగుకు తిరిగి, పగిలేలోగా, పొడి రోజున కత్తెరతో కోసి కాగితపు కవరులో వేయండి. తెల్లవారి మంచులో కోసినా, ప్లాస్టిక్ పొట్లంలో వేసినా బూజు పడుతుంది. అక్టోబరు, నవంబరు తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు పూర్తిగా ముదరని కాయలున్నా కుండీని లోపలికి తెచ్చుకోండి, గాలికి పగిలిన కాయలో గింజ మిగలదు. నీడన వారం ఆరనిచ్చి, గింజలను దులిపి, కవరును బిగుతైన సీసాలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచితే కొన్నేళ్లు నిలుస్తాయి. కవరు మీద జాతి పేరు, కోసిన నెల రాయడం మరువకండి. లినిఫ్లోరా, ఫిలిఫోలియా గింజలు కలిసిపోతే కంటితో వేరుచేయడం సాధ్యం కాదు. వచ్చే తొలకరికి సగమే విత్తి, సగం దాచుకోండి.